గాలి అందని జాగ

మాట్లాడకూడదని మా స్కాన్ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. కట్టయ్యకైతే చదువే రాదు.

హసన్‌పర్తి దగ్గర పల్లె ఆయనది. ముప్పై ఏళ్లు బావులు తవ్వాడు. ఇప్పుడు ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ. గడ్డలో ఆక్సిజన్ అందని చోట కరెంటు వైద్యం, అంటే రేడియేషన్, సరిగా పనిచేయదు. ఆ చోటు ఎక్కడుందో తెలిస్తే డాక్టరు అక్కడ మోతాదు పెంచుతారు. దాన్ని చూపించే మందు హైదరాబాద్ నుంచి కారులో వస్తుంది. రెండు గంటలు గడిస్తే సగం సత్తువ పోతుంది. సోమవారమే కరెంటు మొదలు, మళ్లీ మందు దొరికే దారి లేదు. అందుకని ఆయన ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నా ప్రాణమంతా అక్కడే ఉంది.

"గాలి అందని కాడ ఈ మందు వెలుగుతది కాకా," అన్నాను ఇంజెక్షన్ ఇస్తూ.

"మా బాయిల ఉల్టా బిడ్డా. గాలి లేకుంటె దీపం ఆరిపోతది. దీపం దించి సూసినంకనే మనిషిని దించుతం," అని నవ్వబోయి ఆగిపోయాడు. మందు గడ్డకు పట్టేదాకా రెండు గంటలు పక్క గదిలో కూర్చోబెట్టాను.

మిషన్ చూడగానే మొండికేశాడు. "పైన మనిషి లేకుంట నేను దిగ."

ఇది మంచమే, బావి కాదని ఎంత చెప్పినా వినడే! అవతల మందు కరిగిపోతోంది, నాకు ఒళ్లు మండింది. చివరికి రూలు పక్కన పెట్టి, ఆయన భార్య సోమక్కను అద్దం ఇవతల నా పక్కన కూర్చోబెట్టాను. ఆమె చెయ్యి ఊపాక పడుకున్నాడు.

పన్నెండో నిమిషంలో స్పీకర్లో గొంతు వినిపించింది. లోపలి మైకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందని ఆయనకు తెలియదు.

"వెంకట్రాజం... ఒచ్చినవారా?"

ఎవరో బదులిచ్చినట్టు కాసేపు ఆగాడు. వెంకట్రాజం సోమక్క తమ్ముడు. పంతొమ్మిదేళ్ల కింద పాత బావిలో పూడిక తీయడానికి దిగి, ఊపిరాడక చనిపోయాడు. దీపం దించితే మంచిగానే వెలిగిందట, ఏం చేస్తాం, రాత అని పొద్దున వరండాలో ఆమే నాకు చెప్పింది.

"దీపం దించలేదురా. గాసునూనె అయిపోయింది. ఇంటిదాంక పోవుడెందుకని, ఏం కాదు దిగుమన్న. మీ అక్కకు దించిన అని అబద్దం చెప్పిన."

శబ్దం తగ్గించబోయాను. సోమక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఏది ఒత్తితె నా మాట ఆయనకు ఇనవడ్తది?"

ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. ఈమె అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు, స్కాన్ పాడైపోతుంది. అయినా మీట చూపించాను. ఆ కళ్లు చూసి భయమేసింది, అంతే.

"నా తమ్ముడు నిన్ను పిలిచిండా?"

స్పీకర్లో ఊపిరి ఆగింది. కెమెరాలో ఆయన వేళ్లు బిగుసుకోవడం కనిపించింది.

"పిలిచిండు. బావా అని. మూడుసార్లు."

ఖాళీ గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ స్పీకర్లోంచి మూడు పిలుపులూ నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. సోమక్క మాత్రం మీట మీంచి వేలు తీయలేదు.

"కదలకు. స్కాను ఖరాబైతది," అంది.

ఆ ఎనిమిది నిమిషాలూ ముగ్గురం కదల్లేదు. బొమ్మ ఎక్కడా చెదరలేదు. గడ్డ నడుమ గోరంత మేర వెలుగు. డాక్టరుకు కావలసింది దొరికింది గానీ, నాకు దాన్ని చూడబుద్ధి కాలేదు.

బయటికొచ్చి కట్టయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు. సోమక్క అంగీ తొడిగి, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. ఆయన ఆమె మొహం వంక చూడలేకపోయాడు.

"సోమవారం నేనే తోల్కస్త," అంది. "ఇప్పుడైతె మా అమ్మ కాడికి పోదాం నడు. కండ్లు పోయినయి గని, ఆమెకు చెవులు మంచిగనే ఇనవడ్తయి."