ఈరోజు ఎక్కినవారి జాబితా

మా ఓడకి మొదలూ లేదు, చివరా లేదు. ఎనిమిది రోజుల్లో నాలుగు రేవులు చుట్టి వస్తుంది. ప్రతి రేవులోనూ కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు. ఎక్కడ ఎక్కినవాళ్ళు ఒక చుట్టు తిరిగి అక్కడే దిగిపోతారు. ప్రయాణికులకి ఇది మహా సుఖం. "మీ సెలవు మీ గుమ్మంలోనే మొదలు" అని కంపెనీ రంగు కాగితాల మీద అచ్చేసి పంచుతుంది. గదులు ఊడ్చేవాళ్ళకి ఆ ముక్క చదివితే ఒళ్ళు మండుతుంది. వేరే ఓడల్లో చుట్టు పూర్తయ్యాక ఒక్కసారే జనమంతా దిగుతారు. ఆ ఒక్కరోజూ నడుం విరిగేలా చేస్తే మిగతా రోజులు ఊపిరి పీల్చుకోవచ్చు. మా ఓడలో రోజు విడిచి రోజు నడుం విరగాల్సిందే.

నావి పదహారు గదులు, నాలుగో అంతస్తులో ఎడమ నడవ. మా సూపర్‌వైజర్‌ని వెనకాల అందరం చూద్దాంగారు అంటాం. దుప్పట్లు చాలడం లేదన్నా చూద్దాం, ఊడ్చే మిషను పొగ కక్కుతోందన్నా చూద్దాం. ఒకసారి నాకు జ్వరం వచ్చిందని చెప్పినా చూద్దామనే అన్నాడు. ఆయన చూసేలోగా జ్వరం దానంతటదే తగ్గిపోయింది.

అలారం మోగితే ఓడలో లిఫ్టులు ఆగిపోతాయి. అందరూ మెట్లెక్కి ఏడో అంతస్తులో పడవల దగ్గరికి చేరాలి. చెవులు వినపడనివాళ్ళు, మెట్లెక్కలేనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ గది నంబర్లు ఒక పసుపు కాగితం మీద వేసి ప్రతి అంతస్తులోనూ మెట్ల దగ్గర అంటిస్తారు. అలారం మోగగానే ఇద్దరు మనుషులు ఆ కాగితం చూసుకుని, ఆ గదులకి వెళ్ళి వాళ్ళని పైకి తీసుకొస్తారు. కాగితంలో నంబరుంటే మనిషి వస్తాడు. లేకపోతే రాడు.

ఆ కాగితం నెత్తిన 'ఈరోజు ఎక్కినవారు' అని పెద్దక్షరాలతో ఉంటుంది. మొదటి రేవులో మాత్రమే వేస్తారు. పూర్వం ఈ ఓడ ఒక్క రేవులోనే జనాన్ని ఎక్కించుకునేది. అప్పుడా కాగితం సరిగ్గానే ఉండేది, ఎక్కినవాళ్ళంటే ఓడలో ఉన్నవాళ్ళే. తర్వాత దారి మార్చారు, రేవులు పెంచారు, కాగితం మార్చడం మాత్రం ఎవరికీ తోచలేదు. మిగతా మూడు రేవుల్లో ఎక్కి, సాయం కావాలని రాసిచ్చినవాళ్ళ నంబర్లు పెన్నుతో చేర్చి, పక్కన సూపర్‌వైజర్ సంతకం పెట్టాలని ఒక నియమం పెట్టి చేతులు దులుపుకున్నారు. మా సూపర్‌వైజర్ ఎవరో చెప్పాను కదా.

ఆ చుట్టులో మూడో రేవు దగ్గర నాలుగు వందల పన్నెండులోకి ఒక పెద్దాయన చేరాడు. చేరీ చేరగానే నడవంతా అదిరేలా నన్ను పిలిచాడు. నేను పరుగున వెళ్తే, దిండు మెత్తగా ఉందని చెప్పడానికట.

"నలభయ్యేళ్ళు బాయిలర్ల పక్కన నిలబడ్డానమ్మాయ్. నా చెవుల్ని అవే తినేశాయి. నువ్వు నాకెదురుగా నిలబడి మాట్లాడు, పెదాలు చూసి పట్టేస్తా," అన్నాడు.

ఆ పూటే ఆయన నాకు బాబాయ్ అయిపోయాడు. నేను పక్క సర్దుతుంటే తన ఫ్యాక్టరీ కబుర్లన్నీ చెప్పేవాడు. ఆయన చెప్పే రహస్యాలు నడవ ఆ చివరిదాకా వినపడేవి.

మధ్య రేవుల్లో ఎక్కినవాళ్ళకి అలారం పాఠం గదిలో టీవీలోనే చూపిస్తారు. బాబాయ్ శ్రద్ధగా కూర్చుని చూశాడు. తెర మీద బొమ్మలు ఏదో చెప్పుకుంటూ పోయాయి. బొమ్మలకి పెదాలు కదలవు కాబట్టి తనకొక్క ముక్కా అర్థం కాలేదని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అలారమంటే ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అవి వినపడని మనిషికి ఓడ మునిగినా తెలియదు.

చూద్దాంగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఇంకో నాలుగు రోజుల్లో మొదటి రేవు వచ్చాక కొత్త జాబితా వేస్తాంగా, అప్పుడు చూద్దామన్నాడు. ఆయన ఎక్కింది ఇక్కడ, అక్కడ వేసే జాబితాలోకి ఎలా వస్తాడని అడిగాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. విసిగిపోయి, మెట్ల దగ్గరున్న పసుపు కాగితం మీద నేనే 412 అని లావుగా రాశాను. సంతకం లేదు, లేకపోతే పీడాపోయింది అనుకున్నాను.

మొదటి రేవులో తనిఖీవాళ్ళు వచ్చారు. ఆ రోజు నా పదహారు గదుల్లో తొమ్మిది మారాయి, తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం మెట్ల దగ్గర చూస్తే కొత్త పసుపు కాగితం అంటించి ఉంది. మా అంతస్తుకి మూడు నంబర్లు, మూడూ ఆ పొద్దున ఎక్కినవాళ్ళవే. 412 లేదు. ముందు నుంచీ ఓడలో ఉన్నవాళ్ళంతా ఆవిరైపోయినట్టు.

చూద్దాంగారిని అడగడానికి వెళ్తే, చేతిరాతలుంటే తనిఖీవాళ్ళు ఒప్పుకోరు, కాగితం శుభ్రంగా ఉండాలన్నాడు. మరి 412 సంగతేమిటన్నాను. పాతవాళ్ళకి ఈపాటికి ఓడ అలవాటైపోయి ఉంటుందిలే అన్నాడు.

"ఓడ అలవాటైతే చెవులొస్తాయా సార్?"

అక్కడున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆయన మొహం గంటు పెట్టుకుని, నోరు అదుపులో పెట్టుకోమన్నాడు. నేను ఆ కోపంలోనే వెళ్ళి పడుకున్నాను. ఆ కాగితం మీద మళ్ళీ నంబరు రాసి ఉండాల్సింది. తొమ్మిది గదుల అలసట, రేపు రాద్దాం అనుకున్నాను.

ఆ రేపు మధ్యాహ్నమే అలారం మోగింది.

అలారం మోగితే నా చోటు ఐదో అంతస్తు మెట్ల మలుపు. అక్కడ నిలబడి వచ్చేవాళ్ళకి పైకి దారి చూపించాలి, చోటు వదలకూడదు. జనం జాకెట్లు తొడుక్కుంటూ, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కుతున్నారు. లాండ్రీలో మంటలని ఎవరో అన్నారు. లాండ్రీ మూడో అంతస్తులో ఉంది, సరిగ్గా మా నడవ చివర కింద. వచ్చేవాళ్ళ మొహాలన్నీ వెతికాను. నాకు కావలసిన మొహం ఒక్కటే, అది కనపడలేదు. జనం పలచబడ్డాక వాకీటాకీలో చెప్పాను, నాలుగు వందల పన్నెండు రాలేదు, ఆయనకి వినపడదు, ఎవరినైనా పంపండని.

చూద్దాంగారి గొంతు వచ్చింది. "ఆ నంబరు జాబితాలో లేదు. మనవాళ్ళు జాబితాలో ఉన్న ముగ్గురినీ తెచ్చేశారు. నువ్వు నీ చోటు వదలొద్దు."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. నా కళ్ళ ముందు ఆ పసుపు కాగితం మెదిలింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణం ఆయన ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి ఉండేదాన్ని. వాకీటాకీ నడుముకి తగిలించుకుని కిందికి పరిగెత్తాను.

నాలుగో అంతస్తులో పొగ పలచగా, కళ్ళు మండేలా ఉంది. ఏప్రాను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడవ పొడుగునా పరిగెత్తాను. అన్ని గదులూ తెరిచే మాస్టర్ కార్డుతో తలుపు తీస్తే బాబాయ్ బాత్రూంలో ఉన్నాడు. సగం మొహానికి సబ్బునురగ, చేతిలో గడ్డం గీసుకునే కత్తి, నోట్లో పాట. నేను చెయ్యి పట్టుకోగానే ఏదో ఛలోక్తి అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ నురగతోనే, బనీనుతోనే లాక్కుపోయాను. మెట్లెక్కుతుంటే ఆయన దగ్గు ఓడంతా వినపడింది.

అలారం మొదలైన ఇరవై నిమిషాలకి మంట ఆరిపోయింది. బట్టలారబెట్టే మిషనులో పేరుకున్న నూలుపీచు అంటుకుందట. ఎవరికీ ఏమీ కాలేదని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే చూద్దాంగారు నా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయన అంత పొద్దున్నే, అంత చురుగ్గా ఒక పని చెయ్యడం మూడేళ్ళలో అదే మొదటిసారి చూడటం. 'తగిన కారణం లేకుండా నా చోటు వదిలి వెళ్ళాను' అని అందులో ఉంది. పదింటికి భద్రతాధికారి ముందు దాని మీద సంతకం పెట్టాలి. పెడితే ఒక హెచ్చరికతో పోతుందట. పెట్టకపోతే వచ్చే రేవులో సామాను సర్దుకోవాలి, ఆ తర్వాత ఏ ఓడవాళ్ళూ పనిలోకి తీసుకోరు.

"కారణం లేదా సార్? కారణం అక్కడ టిఫిన్ తింటోంది," అన్నాను.

జాబితా గొడవ ఎత్తావంటే నీకే చేటని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు ఉద్యోగం కావాలి. చేతనైన పని ఇదొక్కటే, దీన్ని పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు. కానీ ఆ అబద్ధం మీద సంతకం పెట్టబుద్ధి కాలేదు. బాబాయ్ ఒక్కడే అయితే ఏదో పొరపాటని కొట్టిపారేస్తారు. ఇంకొకరెవరైనా దొరికితే కొట్టిపారేయలేరు. పదింటిలోగా మా నడవలో ప్రతి తలుపూ తట్టి, నిన్న ఎవరికైనా సాయం కావలసి వచ్చిందా అని అడగాలనుకున్నాను. చూద్దాంగారి మీద వేసే రాళ్ళు ఏరుకోవడానికే బయల్దేరాను, అందులో దాపరికం లేదు.

రెండు తలుపుల వాళ్ళూ లేదన్నారు. మూడోది నాలుగు వందల మూడు. నాలుగో రేవులో ఎక్కినావిడ, ఒక్కతే. నోట్లో నాలుక లేని మనిషి. నేను వెళ్ళేసరికి తన పక్క తనే సర్దుకుని, తువాళ్ళు మడతపెట్టి ఉంచేది. నాకు పని తగ్గించే మనిషని సంతోషపడేదాన్ని. చేతికర్ర ఊతంతో నడవలో నెమ్మదిగా నడుస్తుంటే రోజూ చూస్తూనే ఉన్నాను.

నేను అడిగింది విని నన్ను కూర్చోమంది. లైఫ్ జాకెట్ కుర్చీలో ఉంది, దాన్ని పక్కకి తీసి చోటిచ్చింది.

"ఎక్కేటప్పుడు కాగితం రాసిచ్చానమ్మా, మోకాళ్ళు మెట్లెక్కవని. అలారం మోగితే గది కదలొద్దు, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడన్నారు. అందుకని జాకెట్ వేసుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. పొగ వాసన వచ్చింది. ఇంతలో ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడైంది. వచ్చేశారనుకుని కర్ర పట్టుకుని లేచాను. తలుపు దాటి వెళ్ళిపోయారు. కాసేపటికి ఇద్దరు మనుషులు తిరిగి వెళ్తున్న చప్పుడైంది. అప్పుడు పిలిచాను. ఆ మోతలో వినపడినట్టు లేదు."

ఆ తలుపు తీయడానికి ఒక్క క్షణం చాలు, మాస్టర్ కార్డు చేతిలోనే ఉంది. గట్టిగా మాట్లాడే మనిషి నాకు గుర్తున్నాడు. గట్టిగా మాట్లాడని మనిషి గుర్తు రాలేదు. కర్ర చూశాను, మెట్ల సంగతి ఆలోచించలేదు. నాకూ, ఆ పసుపు కాగితానికీ తేడా ఏముందని నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆ పరిగెత్తింది నేనేనమ్మా," అన్నాను.

పరవాలేదంటుందని ఎదురుచూశాను. ఆవిడ ఆ మాట అనలేదు.

"మళ్ళీ మోగితే నేనేం చెయ్యాలి? కూర్చోవాలా, పాక్కుంటూ బయటికి రావాలా?" అని అడిగింది.

పదింటికి భద్రతాధికారి గదిలోకి వెళ్ళాను. అధికారి నా వయసే ఉన్న ఆడమనిషి, ఎదురుగా చూద్దాంగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. కాగితం నా ముందుకి జరిపారు. దాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టాను. 412 కోసం చోటు వదిలానని రాశాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ 403 తలుపు ముందు నుంచే పరిగెత్తాననీ, తట్టలేదనీ, ఆవిడ నా గదుల మనిషేననీ, ఆవిడ కర్ర రోజూ చూస్తూ కూడా మెట్ల గురించి ఆలోచించలేదనీ రాశాను. కింద సంతకం పెట్టాను.

అధికారి అది రెండుసార్లు చదివింది. చోటు వదిలినందుకు శిక్ష తప్పదని చెప్పింది. వెయ్యండన్నాను. తర్వాత ఆవిడ చూద్దాంగారి వైపు తిరిగి, నాలుగు వందల మూడు రాసిచ్చిన కాగితం ఎక్కడుందని అడిగింది. తన ట్రేలో ఉండాలి, చూద్దామన్నాడు. ఆవిడ తనే లేచి పక్కగదిలో ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, ట్రే ఎత్తి తెచ్చి మా ముందు పెట్టింది. మొదటి రేవు తప్ప మిగతా మూడు రేవుల కాగితాలు, మొత్తం పదకొండు. పదకొండు మంది, మాకు సాయం కావాలి అని తమ చేత్తో రాసిచ్చినవి. నిన్న ఆ అలారం మోతలో మిగతా వాళ్ళు ఎవరెవరు ఏ తలుపు దగ్గర కూర్చున్నారో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

నేను పెన్ను ఆయన ముందు పెట్టాను.

"నాది నేను రాశాను సార్. ఇప్పుడు మీది మీరు రాయండి."

ఆయన అధికారి వైపు చూశాడు. ఆవిడ తెల్లకాగితం ఒకటి తీసి ఆయనకిచ్చింది. ఆయన పెన్ను పట్టుకున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదని నసిగాడు.

"ఆవిడ జాకెట్ వేసుకుని తలుపు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి," అన్నాను.