అరువు జీర

మేడ మీది గదిలో పాఠం నీళ్ళ గ్లాసుతో మొదలయ్యేది. గ్లాసులో సగం దాకా నీళ్ళు, అందులో ఒక స్ట్రా. వచ్చిన పిల్లలు ముందు ఆ స్ట్రాలోంచి బుడగలు తెప్పిస్తూ గొంతును మెల్లగా కిందినుంచి పైకి, పైనుంచి కిందికి నడిపించాలి. తర్వాత పెదాలు బుర్రుమనిపించాలి. ఆ తర్వాత పక్కటెముకల మీద చేతులు పెట్టుకుని ఊపిరి ఎక్కడ నిండుతోందో చూసుకోవాలి. ఇదంతా అయ్యాక గానీ టీచరు పాట అన్న మాట ఎత్తనిచ్చేది కాదు.

"గొంతుతో తొయ్యకండర్రా. గొంతు ఉత్త తలుపు. తెరిచేది ఊపిరి. తలుపుని భుజంతో గుద్దితే ఏమవుతుంది?"

"ఊడిపోతుంది టీచర్!"

"ఊడితే పీడా పోను. బిగుసుకుపోతుంది."

ఆవిడ తలుపు బిగుసుకుపోయి చాలాకాలమైంది. వయసులో ఉండగా ఒక హోటల్లో బ్యాండు ముందు నిలబడి, ప్లేట్ల చప్పుడునీ తాగినవాళ్ళ కేకల్నీ దాటి వినబడాలని ఏళ్ళ తరబడి అరిచినంత పని చేసింది. దాంతో పై స్వరాల దగ్గర ఒక జీర పుట్టింది, ఇసుక మీద పట్టుగుడ్డ ఈడ్చినట్టు. జనం దానికే ముచ్చటపడ్డారు. అదే మీ అందమండీ అన్నారు. అందం కాస్తా ఏటికేడాదీ ముదిరింది. ఇప్పుడు బ్యాండూ లేదు, హోటలూ లేదు, జీర మాత్రం ఉంది. ఆవిడ ఏ డాక్టరు ముందూ నోరు తెరవలేదు. తెరిస్తే ఏం చెబుతారో తెలుసు. తెలిసిన సంగతే ఇంకొకరి నోట వినడానికి మనసొప్పలేదు.

కసరత్తు వరకే ఆవిడ మాటలతో చెప్పేది. పాట దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి పాడి వినిపించి, "విని పట్టుకో" అనేది. ఎవరి చెవి ఎంతదైతే అంత పట్టుకునేవాళ్ళు. చాలామంది స్వరం ఒక్కటే పట్టుకుని తక్కింది వదిలేసి, సంతోషంగా మెట్లు దిగి వెళ్ళిపోయేవాళ్ళు.

పిచ్చుక అలా వదిలేసే రకం కాదు. కుర్చీ ఉన్నా కిటికీ గట్టు మీదే ముడుచుకుని కూర్చుంటుందని టీచరు అక్క పెట్టిన పేరది. వయసు పదహారు. వాళ్ళమ్మ వీధి చివర దర్జీ కొట్లో కుట్టుపని చేస్తుంది. సంగీతం కాలేజీలో సీటొస్తే ఆ పిల్ల బతుకు ఒక దారికొస్తుందని తల్లి ఆశ. ఎంపిక ఆ వేసవిలోనే. మామూలు పిల్లలు పాట వింటారు. పిచ్చుక మనిషిని వినేది. టీచరు ఎక్కడ ఊపిరి తీసిందో, ఏ మాట చివర స్వరాన్ని కాస్త జారవిడిచిందో అన్నీ అక్కడే, అలాగే, తిరిగి అప్పజెప్పేది.

"కళ్ళు మూసుకుంటే తేడా తెలీదండీ టీచరుగారూ, అచ్చం మీరే," అని ఒకసారి తల్లి మురిసిపోయింది.

టీచరూ మురిసిపోయింది. ఆ మురిపెం ఎలాంటిదో తరచి చూసుకోలేదు.

ఒక రోజు మధ్యాహ్నం పిచ్చుక పాడుతోంది. టీచరు గోడకానుకుని నీళ్ళు తాగుతోంది. పాట పై స్వరానికెక్కింది. వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఏమే! ఆ గొంతు అప్పుడే గీరుకుపోతోంది. పాడింది చాలు గానీ కాసిని నీళ్ళు తాగి చావు!"

పిచ్చుక ఆపి ఫక్కున నవ్వింది. "మిమ్మల్నే టీచర్."

టీచరు నవ్వలేదు. గ్లాసు ఇంకా పెదాల దగ్గరే ఉంది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే పక్క మీద పడుకుని, పుట్టిననాటినుంచీ ఈ గొంతు విన్న మనిషి అక్క. చెల్లెలు పక్కగదిలో దగ్గితే అది జలుబో దిగులో చెప్పగల మనిషి. అలాంటిదే పోల్చుకోలేకపోయింది.

"మళ్ళీ పాడు. ఆ పై ముక్క ఒక్కటే," అంది టీచరు.

పిచ్చుక పాడింది. ఈసారి టీచరు పాటను పక్కనపెట్టి గరుకును విన్నది. అది తన గరుకే. స్వరం అందుకోబోయే ముందు రవ్వంత గాలి వృథాగా పోవడం, తర్వాత నొక్కినట్టు పట్టుకోవడం. ఇన్నాళ్ళూ అది వినబడుతూనే ఉంది. వినబడ్డప్పుడల్లా లోపల ఎవరో చల్లగా వీపు నిమిరినట్టుండేది. భావం అనుకుంది. ప్రతిభ అనుకుంది.

"ఇది నీకు దానంతటదే వస్తోందా, నువ్వు తెస్తున్నావా?"

"మొదట్లో తెచ్చేదాన్ని టీచర్. ఇక్కడ కొంచెం బిగించి..." పిచ్చుక వేలితో గొంతు మధ్య చూపించింది. "ఇప్పుడు తేనక్కర్లేదు, అదే వచ్చేస్తుంది. ఉదయం లేవగానే మాట కూడా అలాగే వస్తోంది. మీలాగే." చివరి మాట అన్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

మర్నాడే తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని టీచరు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు సన్నటి కెమెరా గొట్టాన్ని పిచ్చుక నోట్లోకి పెట్టి "ఈ అను" అంది. బల్ల మీది తెరలో రెండు తెల్లటి స్వరతంత్రులు కలుస్తూ విడిపోతూ కనిపించాయి. రెండింటి అంచునా, ఒకదానికెదురుగా ఒకటి, బియ్యపు నూకంత బుడిపెలు. అవి అడ్డుపడి తంత్రులు పూర్తిగా మూసుకోవడం లేదు. ఆ సందులోంచే జీర వస్తోంది.

"అరిచే పనేమన్నా చేస్తుందా?"

"లేదండీ. పాట నేర్చుకుంటోంది," అంది తల్లి.

"ఎవరి దగ్గర?"

"వీరి దగ్గరేనండీ!" తల్లి గర్వంగా టీచరు వైపు చూపించింది.

డాక్టరు టీచరును చూసింది. అంతకుముందు టీచరు ఆడిన నాలుగు మాటలూ ఆమె చెవిని దాటిపోలేదని తెలుస్తూనే ఉంది. "మీరూ ఒకసారి కూర్చోండి, చూస్తాను."

"నాదెందుకు లెండి."

డాక్టరు బలవంతపెట్టలేదు. చిన్న వయసు కాబట్టి కత్తి అక్కర్లేకుండానే కరుగుతాయంది. కొన్ని వారాలు మౌనం, తర్వాత గొంతుకు కసరత్తు, బిగించే అలవాటు వదలడం. "అలవాటు వదలకపోతే మాత్రం గట్టిపడిపోతాయి. అప్పుడు నేను చెయ్యగలిగింది తక్కువ." అంటే ఆ వేసవి ఎంపిక పోయినట్టే. తల్లి చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పిచ్చుక మాత్రం తెర వైపే చూస్తోంది, తన ఫోటో ఎవరో తీసిపెట్టినట్టు.

మౌనం గడువు తీరాక పాఠం మళ్ళీ మొదలైంది. ఈసారి టీచరు పాడకూడదని ఒట్టేసుకుంది. కీబోర్డు మీద స్వరం నొక్కుతుంది, చేత్తో సైగ చేస్తుంది, అంతే. పిచ్చుక బుడగలు చేసింది, పెదాలు బుర్రుమనిపించింది, అంతా శుభ్రంగా వచ్చింది. స్వరం పైకెక్కుతుండగా ఆ పిల్ల చూపు తన మెడ మీద నిలవడం టీచరు గమనించింది. అక్కడ నరాలు వాటంతటవే ఉబ్బుతున్నాయి. గడ్డం పైకి లేస్తోంది. శబ్దం లేకుండా ఆవిడ ఒళ్ళంతా పాడుతోంది. ఎదురుగా పిచ్చుక గడ్డం కూడా అంతే లేచింది, నరాలూ అంతే ఉబ్బాయి, జీర వచ్చి స్వరం మీద కూర్చుంది.

టీచరు కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుంది. కాసేపటికి వెనక నుంచి మళ్ళీ అదే.

"ఇప్పుడేం చూసి చేశావే?"

"మీ భుజాలు, టీచర్."

ఇంక తిప్పుకోవడానికి ఇంకో వైపు లేదు. మర్నాడు పిచ్చుకను బజారు అవతలి మేష్టారి దగ్గరికి పంపించింది. ఆయన పాటలో తప్పు ఉండదు, రుచీ ఉండదు. అక్క ఆయనకి చప్పిడి మేష్టారని పేరు పెట్టింది.

"బంగారంలాంటి పిల్లని తీసుకెళ్ళి ఆ చప్పిడాయన చేతిలో పెట్టావా! నీకేమన్నా మతి పోయిందా?"

"ఆయన గొంతు చూసి నేర్చుకోడానికేమీ ఉండదక్కా. అందుకే."

ఏడాది తిరిగింది. కొత్త పిల్లలు వచ్చారు, చెవి లేనివాళ్ళు, క్షేమంగా ఉన్నారు. టీచరు ఇప్పుడు కూడా పాడి వినిపించేది కాదు. పాడక పాడక గొంతు తుప్పుపట్టిన గడియలా తయారైంది. పిచ్చుక ఎలా పాడుతోందో కనుక్కోవాలని మనసు పీకేది. ఆ పీకడంలో ఆ పిల్ల బాగు ఎంతో, తన ఆకలి ఎంతో విడదీసి చూడాలని ప్రయత్నించేది. విడదీసిన కొద్దీ ఆకలి వాటాయే పెరుగుతుంటే ఆ ప్రయత్నం మానుకుంది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. పిచ్చుక. కాస్త పొడుగైంది. వచ్చీ రాగానే కిటికీ గట్టెక్కి కూర్చుంది.

"సీటొచ్చింది టీచర్! మీకే ముందు చెప్తున్నా."

"మీ అమ్మకంటే ముందా?"

"అమ్మకి చెప్పాకే లెండి. పాడి వినిపించనా?"

వద్దనాలి. "ఊఁ," అంది.

పిచ్చుక మొదటి చరణం ఎత్తుకుంది. స్వరం నీళ్ళలా వచ్చింది. పై మెట్టు దగ్గర తడబాటు లేదు, గాలి పోవడం లేదు, నొక్కడం లేదు. ఆరోగ్యమైన గొంతు. వందమందిలో కలిసిపోయేంత ఆరోగ్యం. టీచరు దాని మూలమూలలా వెతికింది. తన అలికిడి ఎక్కడా లేదు. సంతోషించాల్సింది ఇప్పుడేనని తనకు తాను చెప్పుకుంది. మొహానికి ఆ కబురు చేరలేదు.

మనుషులను వినే పిల్ల మొహాలనూ చదువుతుంది. చరణం మధ్యలో పిచ్చుక ఆ మొహాన్ని చూసింది. రెండో చరణం పై స్వరానికెక్కగానే రవ్వంత గాలి వదిలి, నొక్కి పట్టుకుంది. ఇసుక మీద పట్టుగుడ్డ. టీచరు గుండె ఆవిడ అనుమతి అడక్కుండానే ఎగిరి గంతేసింది.

పాట అయింది.

"అది పోలేదా?" అంది టీచరు.

"పోయింది టీచర్. మొన్ననే డాక్టరుగారు చూసి అంతా శుభ్రంగా ఉందన్నారు. ఇది నేను పెట్టాను, మీకోసం." పిచ్చుక సిగ్గుగా నవ్వింది. "ఇంట్లో కూడా అప్పుడప్పుడు పెడుతుంటా. మర్చిపోకూడదని."

టీచరు ఆ చిన్న గొంతును, అది మాట్లాడేటప్పుడు చర్మం కింద కదలడాన్ని చూసింది. ఈ పిల్ల వస్తుంటే తను కాదనదు. పాడుతుంటే మొహం వెలగకుండా ఆపుకోవడం తన వల్ల కాదు. అది వెలిగినన్నాళ్ళూ ఈ పిల్ల పెడుతూనే ఉంటుంది.

"ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు," అంది.

"ఏంటి టీచర్?"

"రావద్దంటున్నాను. వీధిలో కనబడినా పలకరించకు."

"బాలేదా? తప్పు పాడానా?"

బాగుంది, అందుకే అని చెబితే ఆ పిల్ల ఆ మాటను జన్మంతా గొంతులో దాచుకుంటుంది. టీచరు ఊపిరి తీసుకుంది, భుజాలతో, తను ఏనాడూ తీసుకోవద్దని చెప్పిన పద్ధతిలోనే. "విసుగొచ్చింది. నీ పాట మీదా, నీ మీదా. వెళ్ళు."

పిచ్చుక గట్టు దిగింది. చెప్పులు వేసుకోబోతే ఒకటి ఎడమది కుడికాలికెక్కింది, మార్చుకుంది. మెట్లు దిగుతున్నంతసేపూ చప్పుడు చాలా నెమ్మదిగా వినిపించింది, పిలుస్తారేమోనని ఆగుతూ దిగుతున్నట్టు. తర్వాత కింద తలుపు పడింది.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఏమే, ఎవరు పాడింది? నువ్వేనా?"

టీచరు గ్లాసులో స్ట్రాను సరిచేసింది. "నేనే అక్కా."

"ఎన్నాళ్ళకి! ఆ రెండో చరణం బాగుందే. మొదటిదే... అసలు నీలా లేదు."