విసిరేవాడు కావాల్సిన రెక్క

దుకాణం గోడకు రెండు ఫోం రెక్కలు వేలాడుతున్నాయి. తోకా లేదు, పొట్టా లేదు, విమానంలో రెక్క ఒక్కటే మిగిలినట్టున్నాయి. చిన్నది ఒళ్ళో పట్టేంత. పెద్దది ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు. చక్రాల కుర్చీలో కూర్చున్న క్రేను ఆపరేటరు కళ్ళు పెద్దదాని మీదే ఉన్నాయి. అతన్ని చిన్నదానివైపు తిప్పాలని దుకాణం నడిపే ఆవిడ అరగంటగా తంటాలు పడుతోంది.

"వినండి సార్," అంది ఆమె. "రెండిటి ముక్కులోనూ కెమెరా ఉంటుంది. అది చూసేదంతా ఈ గాగుల్స్‌లో మీకు కనపడుతుంది. చిన్నదైతే కుర్చీలో కూర్చునే విసిరెయ్యొచ్చు. పెద్దదాన్ని పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి విసరాలి. ఎగిరాక కింద నుంచి చూస్తుండటానికి కూడా ఒక మనిషి కావాలి. గాగుల్స్ పెట్టుకుంటే మీకు చుట్టుపక్కల ఏమీ కనపడదు కదా."

"పెద్దదైతే గాగుల్స్‌లో బొమ్మ వణకదన్నారు."

"వణకదు. మంచి కెమెరా మోస్తుంది, పెద్ద బ్యాటరీ మోస్తుంది, కాస్త గాలికే చిన్నదానిలా ఎగిరెగిరి పడదు. కానీ విసిరేదెవరు?"

"మా బావమరిది ఉన్నాడు."

పచ్చి అబద్ధం. బావమరిది అతని ఎదుటపడి నాలుగేళ్ళయింది. అక్కను చూడాలనిపిస్తే, బావ వ్యాయామం కోసం ఆసుపత్రికి వెళ్ళే పూట చూసుకుని వస్తాడు. ఇచ్చిన కాఫీ గబగబా తాగి, కుర్చీ చక్రాల చప్పుడు వినపడకముందే వెళ్ళిపోతాడు.

ఒకప్పుడు ఆ ఇద్దరూ లేకుండా వాళ్ళు పనిచేసే కట్టడాల కంపెనీలో ఏ మేడా లేవలేదు. ఇతను ఎనభై మీటర్ల ఎత్తున క్రేను గదిలో, బావమరిది నేల మీద సిగ్నల్ ఇచ్చే పనిలో. యంత్రాల హోరులో మాట వినపడదు కాబట్టి పందొమ్మిదేళ్ళు చేతులతోనే మాట్లాడుకున్నారు. ఎత్తు, దించు, ఎడమకి, మెల్లగా. ఆ అలవాటు ఇంటికీ పాకింది. భోజనాల దగ్గర బావమరిది నోరు విప్పి చాలు అనేవాడు కాదు, అరచెయ్యి చూపించేవాడు. "మా తమ్ముడికి నోరు అన్నం తినడానికే ఇచ్చాడు దేవుడు," అని అక్క నవ్వేది.

ఆ రోజు సాయంత్రం గాలి లేచింది. ఇంకొక్క ఇనుప కడ్డీల మోపు దించితే పని అయిపోతుంది. కింద బావమరిది చెయ్యెత్తాడు. చెయ్యెత్తితే ఆపాలి, అందులో బేరాల్లేవు. ఆపరేటరు చూశాడు, బాగా చూశాడు. ఒక్క మోపే కదా అనుకుని ఆపలేదు. మోపు గాలికి ఊగి క్రేను స్తంభాన్ని కొట్టింది. ఆ కుదుపుకి అతను గదిలోంచి జారి కింది మెట్ల మీద పడ్డాడు, నడుం విరిగింది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి విచారణవాళ్ళు అడిగితే, "సిగ్నల్ కనపడలేదు" అన్నాడు.

రెండే మాటలు. వాటికే బావమరిది లైసెన్సు ఊడింది. ఇప్పుడు ఏదో గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నాడు. పైగా, తానే ఆలస్యంగా చెయ్యెత్తాననీ బావ కాళ్ళు తనవల్లే పోయాయనీ నమ్మి కుమిలిపోతున్నాడు. కాదని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ నాలుగేళ్ళుగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇప్పుడు ఎలాగైనా చెప్పెయ్యాలనుకున్నాడు. కానీ చేతిలో పని లేకుండా ఒకరి పక్కన ఒకరు నిలబడటం ఆ ఇద్దరికీ చేతకాదు. అందుకని ఇద్దరు మనుషులు కావాల్సిన రెక్కనే ఎంచుకున్నాడు.

"మీ బావ పల్లకీ అంత రెక్క ఒకటి తెచ్చాడురా," అని భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. "నువ్వు విసరకపోతే ఎగరదట. నన్ను విసరమంటే మాత్రం పక్కింటి కిటికీలోకే." "వస్తా" అన్నాడు తమ్ముడు.

ఆదివారం పొద్దున మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక మైదానానికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. బావ మొహంలోకి చూడకుండా రెక్క అందుకున్నాడు. ఆపరేటరు గాగుల్స్ పెట్టుకున్నాడు.

"పక్కన ఏదైనా అడ్డొస్తే చెప్పరా. కెమెరాకి ముందున్నదే కనపడుతుంది."

బావమరిది తలూపాడు. నాలుగడుగులు పరిగెత్తి విసిరాడు.

రెక్క లేచింది. దుకాణం ఆవిడ చెప్పినట్టే బొమ్మ వణకలేదు. రేకుల కప్పులు, ఖాళీ రోడ్డు, ఎండ పడ్డ నీళ్ళ ట్యాంకు. మళ్ళీ పైనుంచి చూస్తున్నాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది, వెంటనే సిగ్గూ వేసింది. రెక్కను వెనక్కి తిప్పితే కింద ఒక కుర్చీ, దాని పక్కన ఒక మనిషి కనపడ్డారు. ఇంత ఎత్తు నుంచి ఆ మనిషి ఆ రోజు కూడా ఇంతే ఉన్నాడు. ఈ చుట్టు అయ్యాక చెబుతా అనుకున్నాడు. అయింది. ఇంకొకటి అనుకున్నాడు. అదీ అయింది. మూడో చుట్టులో రెక్కను కిందికి దించి పక్కకు వాల్చాడు.

ఫట్‌మని చప్పుడైంది. తెర నల్లబడింది.

గాగుల్స్ తీసి చూశాడు. మైదానం అంచున ఉన్న దీపస్తంభం కింద రెక్క రెండు ముక్కలై పడుంది. ఎదురుగా బావమరిది చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి, బిగుసుకుపోయి నిలబడున్నాడు. స్తంభం కనపడగానే చెయ్యెత్తాడు, కళ్ళు మూసుకుపోయిన మనిషికి.

"తప్పు నాదే బావా," అన్నాడు. "అరవాలని తోచలేదు. చెయ్యే లేచింది. ఆ రోజు కూడా నా చెయ్యి ఆలస్యంగా..."

"ఆలస్యం కాలేదు."

బావమరిది చెయ్యి దించాడు.

"ఇవాళ కనపడలేదురా. ఆ రోజు కనపడింది," అన్నాడు ఆపరేటరు. "సరైన సమయానికే ఎత్తావు. నేను చూశాను, ఆపలేదు. అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పాను."

బావమరిది నేల మీద కూలబడ్డాడు.

"నాలుగేళ్ళు బావా," అన్నాడు. "నిద్రలో చెయ్యెత్తుతున్నాను. మా ఆవిడ లేచి పట్టుకుని దించుతోంది."

ఆపరేటరుకు ఏడుపు ముంచుకొచ్చింది, కానీ అతని ముందు ఏడిచే ముఖం తనకు లేదనిపించింది. "రేపు కంపెనీ ఆఫీసుకెళ్ళి అంతా రాసిస్తాను," అన్నాడు.

"రేపు ఆఫీసుకి. ఇవాళ అక్కకి," అన్నాడు బావమరిది, లేచి ప్యాంటు దులుపుకుంటూ. "నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను."

రెక్క ముక్కలు ఏరలేదు. కుర్చీ పట్టుకోలేదు. ముందు నడిచాడు. ఆ గతుకుల నేల మీద ఆపరేటరు చక్రాలు తనే తోసుకుంటూ వెనకాలే వెళ్ళాడు.