పైనుంచి చూసిన ఇల్లు

డ్రోన్ రెక్కలు నాలుగూ పాత పంచె ముక్కతో తుడిచేసి, అప్పాజీ మళ్ళీ మొదటి రెక్క దగ్గరికొచ్చాడు. తుడిచిందే తుడుస్తున్నాడని అతనికీ తెలుసు. చేతులు ఊరుకోవడం లేదు. రాజమండ్రిలో ఆ కొత్త డాబా మీద పొద్దుటి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పడమటి వైపు మాత్రం మబ్బు పట్టి ఉంది. తొలకరి నేడో రేపో అన్నట్టుంది.

యాభైకి దగ్గరపడిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పాతికేళ్ళు పెళ్ళిళ్ళలో వీడియో కెమెరా మోయడం వల్ల కుడి భుజం కాస్త కిందికి జారింది. ఏ చొక్కా తొడిగినా ఆ వైపు వేలాడుతుంది. తెర చూసేటప్పుడు నోరు తెరుచుకుంటుంది, ఎడమ కాలు ఆడుతూ ఉంటుంది. ఊళ్ళో అతన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్న వాళ్ళెవరూ లేరు. పెళ్ళి వీడియోల్లో అందరూ ఉంటారు, తీసినవాడు ఉండడు కదా.

ఇప్పుడు పెళ్ళిళ్ళు లేవు. గణేష్‌బాబు అని, కారే కప్పులకు పూత వేసే షాపాయన ఒకడున్నాడు. పూతకు ముందు కప్పు ఎక్కడెక్కడ దెబ్బతిందో చూసి చెప్పడం అప్పాజీ పని. ఇదివరకు నిచ్చెన వేసుకుని మనిషి ఎక్కేవాడు. పెంకుటిళ్ళ మీద అలా ఎక్కినవాడు ఒక పెంకు చూడబోయి నాలుగు పగలగొట్టి దిగేవాడు. డ్రోన్ దేన్నీ తొక్కదు.

రిమోట్‌కి ఫోన్ బిగించి, అలవాటు ప్రకారం ఫ్లైట్ మోడ్ పెట్టాడు. ఎగురుతున్నప్పుడు ఫోనొస్తే తెర మీది బొమ్మ ఆగిపోతుంది. ఒకసారి అలాగే చూపు తప్పి కొబ్బరిచెట్టుకు కొట్టాడు. అప్పటినుంచీ సైటులో ఉన్నంతసేపూ అతను ఎవరికీ దొరకడు. ఈ రోజు ఎవరికీ దొరక్కపోవడమే హాయిగా ఉందనిపించింది, వెంటనే అలా అనిపించినందుకు సిగ్గేసింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళే వ్యాను వస్తుంది. అతని భార్య సూర్యకళ పనికి కువైట్ వెళ్ళిపోతుంది.

"ఈ రోజు మానెయ్ అప్పాజీ, ఇంట్లో ఉండు" అని గణేష్‌బాబే అన్నాడు. అప్పాజీ వినలేదు. పట్టుబట్టి మూడిళ్ళు ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉంటే ఆమె చీరలు మడత పెడుతుంటే చూడాలి. నోటి దాకా వచ్చిన మాట మింగుతూ తిరగాలి. ఆ మాట పెద్దదేం కాదు. వెళ్ళొద్దు అనాలి. నెల నుంచీ అనలేకపోతున్నాడు.

అనడానికి మొహం లేదు మరి. ఇద్దరూ కలిసి శ్లాబు కోసం దాచుకున్నదంతా ఊడ్చి ఈ డ్రోన్ కొన్నాడు. డ్రోన్ లేకపోతే పెళ్ళిళ్ళకు ఎవరూ పిలవడం లేదని అప్పట్లో అతని బాధ. "మీ పని మీకు తెలుసు కదండీ" అంది సూర్యకళ. కొన్న ఏడాదికే ఇంతకంటే మంచి డ్రోన్లతో కుర్రాళ్ళు దిగారు. అతని పెళ్ళిళ్ళు పోయాయి. ఇంటి మీద పెంకు అలాగే ఉండిపోయింది. కిందటి వానల్లో వంటింటి వైపు వాసం విరిగి పడ్డప్పుడు కూడా ఆమె ఒక్క మాట అనలేదు. కడియం నర్సరీలో అంట్లు కట్టే పని మానేసి పాస్‌పోర్టుకు పెట్టుకుంది.

"క్రాక్ ఏమైనా కనపడిందాండీ?" అని కింద నుంచి ఇంటాయన శివరామకృష్ణ గారు అరిచారు. బ్యాంకు ఉద్యోగి, టైకి ముడి వేసుకుంటూనే అడిగారు.

"చూస్తున్నానండీ" అన్నాడు అప్పాజీ. ట్యాంకు పక్కన పగులు ఎప్పుడో కనపడింది. అయినా అదే మూల చుట్టూ డ్రోన్‌ని మూడుసార్లు తిప్పాడు.

బండి మీద కడియం వైపు వెళ్తుంటే పొద్దుటి సంగతి తిరిగి తిరిగి బుర్రలోకి వస్తోంది. సాయంత్రం వేళ మంచిది కాదన్నారు పంతులుగారు. అందుకని మంచి గడియలో ప్రస్థానం పెట్టారు. బయల్దేరాల్సిన వాళ్ళ సంచీ ఒకటి ముందే వేరే ఇంట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం ఉండదు. ఒకసారి గడప దాటిన సంచీని మాత్రం తిరిగి ఇంట్లోకి తేకూడదు. "కాస్త ఆ సంచీ నాగదుర్గ వాళ్ళింట్లో పెట్టి రండి" అంది సూర్యకళ. అతను పొయ్యి మీది పాలు దించమన్నంత మామూలుగా తీసుకెళ్ళి పక్కింటి అరుగు మీద పెట్టొచ్చాడు. సంచీ తేలిగ్గానే ఉంది. వెనక్కి వచ్చి చెయ్యి కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది. ఆమెను ఇంట్లోంచి పంపించింది ఎవరో కాదు, తనే.

రెండో ఇల్లు చంద్రరావు గారిది. పెద్ద పెంకుటిల్లు. ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని, డ్రోన్ ఎటు పోతే మెడ అటు తిప్పుతూ కూర్చున్నారు. దక్షిణం వైపు వరుసలు జారిపోయాయి, రెండు కప్పులు కలిసే చోట ఆకులు కుళ్ళి మొక్క మొలిచింది. ఆ పక్కనే పిల్లి నాలుగు కూనల్ని పెట్టుకుని పడుకుంది. అప్పాజీ తెర ఆయన ముందు పెట్టాడు.

"ఇది మా ఇల్లేనా?" అన్నారాయన. "పుట్టిన దగ్గర్నుంచీ దీని కిందే ఉన్నానండీ. దీని నెత్తి ఎలా ఉంటుందో ఇప్పుడే చూడ్డం. పిల్లి కూడా కాపురం పెట్టేసిందే!"

ఆయన నవ్వుతుంటే అప్పాజీ కూడా నవ్వాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. బండెక్కాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. జిల్లాలో సగం ఇళ్ళ నెత్తులు చూశాడు, తన ఇంటి మీదికి ఎన్నడూ డ్రోన్ లేపలేదు. చూస్తే బాగుచెయ్యాలి. బాగుచెయ్యలేనిది చూడ్డం ఎందుకని ఊరుకున్నాడు. దారిలో ఫోన్ జేబులోనే ఉంది. ఫ్లైట్ మోడ్ తీయలేదు. మరిచిపోయానని తనకు తాను చెప్పుకున్నాడు.

మూడో ఇల్లు కాలువకు ఇవతల ఉంది. అవతల కొబ్బరితోటలు దాటితే అప్పాజీ ఊరే. ఇల్లు ప్రసన్నకుమారి గారిది. కువైట్ సంపాదనతో కట్టిన రెండంతస్తుల శ్లాబు, ముందు గులాబీ రంగు స్తంభాలు, మేడ మీద సిలువ గుర్తు. అంతా బాగానే ఉంది గానీ, వేసిన నాలుగేళ్ళకే శ్లాబు కారుతోంది. ఆవిడ మెట్ల మీద నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. మబ్బు నడినెత్తికి వచ్చేసింది. గాలి లేదు, ఒకటే ఉక్క.

"మీరుండగానే కట్టారాండీ?" అని అడిగాడు అప్పాజీ. అడిగేదాకా తను అడుగుతాడని అతనికే తెలియదు.

"నేనెక్కడున్నానండీ, అక్కడ పనిలో ఉన్నాను. శ్లాబు వేసిన రోజు మా ఆయన వీడియో కాల్‌లో చూపించారు. ఆయన పోయాక గానీ రాలేదు నేను. వచ్చిన కొత్తలో ఏ గదిలో స్విచ్చి ఎక్కడుందో తెలియక చీకట్లో గోడలు తడుముకునేదాన్ని. నా ఇంట్లో నేనే చుట్టాన్నండీ."

డ్రోన్ పైకి లేచింది. అప్పాజీ తెర వైపే చూస్తూ అన్నాడు: "వెళ్ళేటప్పుడు మీ ఆయన ఏమన్నారండీ?"

"ఏమంటారండీ. ఏమీ అనలేదు." ఆవిడ మళ్ళీ మెడ తుడుచుకుంది. "అంటే ఆగిపోదునేమో."

అప్పాజీ కాలు ఆడటం ఆగింది. ఇక ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండలేననిపించింది. ఇంటికెళ్ళాలి, అనాల్సింది అనెయ్యాలి. సంచీ గడప దాటితే దాటింది, దోషం ఉంటే తనకే తగలనీ. డ్రోన్ దించబోయి, ముందు ఆమె ఇంట్లో ఉందో లేదో చూడాలన్న ఆత్రం పుట్టింది. ఫోన్ చేసి అడగొచ్చు. ఆ సంగతి తట్టనే లేదు. ఏదైనా తెలుసుకోవాలంటే పైకెక్కి చూడటమే అతనికి వచ్చిన పని. డ్రోన్‌ని కాలువ మీదుగా అవతలికి తిప్పాడు.

కొబ్బరి మట్టలు, చేపల చెరువు, రామాలయం రేకుల పందిరి. తర్వాత తెర మీదికి ఒక నల్లటి కప్పు వచ్చింది. ఎవరిదో పాపం అనుకున్నాడు. పెరట్లో కరివేపాకు చెట్టు చూసి గుర్తుపట్టాడు. రెండు వాలులూ కలిసే నడికొప్పు మీద పెంకులు పళ్ళూడినట్టున్నాయి. వంటింటి వైపు నీలం పట్టా చిరిగి వేలాడుతోంది. మధ్యగది మీద ఒక చోట కప్పు లోపలికి కుంగిపోయి ఉంది. ఇంత చెడ్డ కప్పు ఈ వేసవిలో ఎక్కడా చూడలేదు. దీని కింద తాము పడుకుంటున్నారు.

కెమెరా కాస్త పైకెత్తాడు. ఇంటి ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది.

సాయంత్రం కదా రావాల్సింది! లోపల ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. నాగదుర్గ సంచీ అందిస్తోంది. నేరేడు రంగు చీరలో సూర్యకళ వ్యాను తలుపు పట్టుకుని ఉంది. డ్రోన్ చప్పుడు ఆమెకు తెలుసు. ఆగి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

సూటిగా అతని మొహంలోకి చూసినట్టే ఉంది.

ఆమె చేతిలో ఫోన్ పైకెత్తి చూపించింది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ చూపించింది. తీయండి అంటోంది. ఫ్లైట్ మోడ్ తీసేస్తే ఆమె గొంతు వినపడుతుంది, ఆమె బొమ్మ పోతుంది. అప్పాజీ బొటనవేలు అక్కడిదాకా వెళ్ళింది. నొక్కలేదు. ఎన్ని అప్పగింతలు తీశాడో, తల్లీకూతుళ్ళు గొల్లుమని ఏడుస్తుంటే చెయ్యి వణక్కుండా పట్టడం ఒక్కటే నేర్చుకున్నాడు. ఇప్పుడూ వణకలేదు. ఆమె ఫోన్ దించింది. వెళ్ళొస్తానన్నట్టు చెయ్యి ఊపి వ్యాను ఎక్కింది. ఆమె చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కోవడం కూడా కనపడింది.

అప్పుడు రిమోట్ కూయడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోవస్తే డ్రోన్ ఎవరి మాటా వినదు, లేచిన చోటికి తనంతట తనే వచ్చేస్తుంది. తెర మీద ఇల్లు, వ్యాను, కరివేపాకు చెట్టు వెనక్కి వెళ్ళిపోయాయి.

"మా శ్లాబు ఏమైందండీ?" అంది ప్రసన్నకుమారి.

"రేపొస్తానండీ" అన్నాడు. ఫ్లైట్ మోడ్ తీశాడు. ఆమె పొద్దుటినుంచీ చేసిన కాల్స్ తాలూకు మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏవండీ, వాన వచ్చేలా ఉందని వ్యాను వాళ్ళు ముందే వచ్చేశారు. ఎన్నిసార్లు చేశాను మీకు!"

"పనిలో ఉన్నాను కళా."

"చూశాను లెండి, పైన." నవ్వినట్టుంది. "వంతెన దగ్గర ఆగాం. ఇంకొకావిడ ఎక్కాలి."

వంతెన ఇక్కడికి దగ్గరే. బండి తీస్తే అందుకోవచ్చు. అసలు అక్కర్లేదు, ఇక్కణ్ణుంచే అనొచ్చు. అవతల ఆమె ఊపిరి వినపడుతోంది. ఆమె ఫోన్ పెట్టెయ్యకుండా ఎదురుచూస్తోందని అతనికి స్పష్టంగా తెలిసింది.

"ఛార్జర్ పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నానండీ" అంది సూర్యకళ. "ఆవిడ వచ్చేసింది. ఉంటాను మరి."

అతను బండి తీశాడు. డ్రోన్ పెట్టె సరిగ్గా కట్టకుండానే, హెల్మెట్ ప్రసన్నకుమారి గారి గోడ మీదే వదిలేసి వంతెన దాకా తోలాడు. వంతెన మీద గడ్డిమోపుల ట్రాక్టరు ఒక్కటే ఉంది. ఇటు చూశాడు, అటు చూశాడు. హైవే దాకా వెళ్ళి, ఎందుకో తెలియకుండా వెనక్కి తిరిగాడు. వెధవ, వెధవ అని తనని తాను పైకే తిట్టుకున్నాడు. ట్రాక్టరతను తననే అన్నాడేమోనని తిరిగి చూశాడు.

నాగదుర్గ తాళంచెవి పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"కువైట్‌లో దిగి ఫోన్ చేసేదాకా ఇల్లు ఊడవద్దన్నారండీ ఆవిడ. అన్నం మూత పెట్టి ఉందంట."

అతను తలూపి లోపలికెళ్ళాడు. చినుకులు మొదలయ్యాయి, చూస్తుండగానే పెద్ద వాన అయింది. లైటు వేయలేదు. నేల మీద అక్కడక్కడా గిన్నెలున్నాయి. కూర గిన్నె, పాల తపేలా, పాత స్టీలు చెంబు. ఏ చుక్క ఎక్కడ పడుతుందో అక్కడ సరిగ్గా పెట్టి వెళ్ళింది. ఒక్కొక్కటీ మోగడం మొదలుపెట్టింది. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు. అతని మంచం గోడ వారగా, పొడిగా ఉంది. ఇన్నేళ్ళుగా అది అక్కడే ఉంది. మంచం పక్కన సూర్యకళ చాప పరుచుకునే చోట చాప లేదు. ఆమె తల పెట్టుకునే వైపు వెడల్పాటి సత్తు బేసిను ఉంది, అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ముందు నిండుతోంది.