బూట్ల బురద

కాపురానికి వచ్చేనాటికి డార్కా చేతిలో ఉన్నది నూట అరవై ఎకరాల నల్లమట్టి, ఆ మట్టిని బూట్ల నుంచి గీకే మొద్దు కత్తి ఒకటి. రెండూ నాన్న ఇచ్చినవే. పొలం ఆమె పేరు మీదే ఉంది. ఏడాదికోసారి పన్ను కాగితం వచ్చినప్పుడు మొగుడు ఒరెస్ట్ దాన్ని భోజనాల బల్ల మీద ఆమె వైపు తోసి, "ఇదిగో, నీ పొలం పన్ను" అంటాడు. మిగతా రోజుల్లో అది "మన తూర్పు పొలం". ముప్ఫై నాలుగేళ్ళుగా అంతే.

పదేళ్ళ కిందట కౌంటీలో, నూనెగింజల పైరు కనోలా వేళ్ళకు గడ్డలు కట్టే తెగులు బయటపడింది. అది మట్టిలో ఉంటుంది. బూట్లకూ టైర్లకూ అంటుకుని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోతుంది. ఒకసారి దిగిందంటే ఇరవై ఏళ్ళదాకా పూర్తిగా వదలదు. ఆ చలికాలం ఊరి హాల్లో మీటింగు పెడితే డార్కా వెళ్ళింది. తలుపు దగ్గరే "ఒరెస్ట్ రాలేదా?" అని అడిగారు. రాలేదు, టీవీలో హాకీ ఉంది. విని వచ్చింది ఆమె కాబట్టి కడగడం ఆమె పనైంది. విత్తే యంత్రం ఒక పొలం నుంచి ఇంకో పొలానికి కదిలేముందు మట్టి గీకాలి, గొట్టంతో జోరుగా నీళ్ళు కొట్టాలి, బ్లీచింగు నీళ్ళు చల్లి ఇరవై నిమిషాలు తడారకుండా చూడాలి. దానికి డెబ్భై రెండు కర్రులు. ఒక్కోదాని సందులో వేలు పెట్టి మట్టి తియ్యాలి. మూడు గంటల పని. అన్నదమ్ములిద్దరూ కాఫీలు పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడి చూసేవాళ్ళు. "మా ఆవిడ యంత్రానికి బాప్తిస్మం ఇస్తోందిరా" అనేవాడు ఒరెస్ట్. "టైర్లకి గోళ్ళరంగు కూడా వెయ్యి వదినా, బాగుంటుంది" అనేవాడు మరిది బొహ్దాన్. ఆ ఇద్దరే ప్రతి శనివారం తమ పికప్పు ట్రక్కులను అద్దంలా తుడుచుకుంటారు. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. మగవాడు కడిగితే అది బండి మీద ప్రేమ, ఆడది కడిగితే పిచ్చి.

నాలుగేళ్ళ కిందట మే నెలలో అత్తగారు స్టెఫాకు తుంటి ఆపరేషన్ అయింది. "కొడుకులకి విత్తే పని ఉంది. నువ్వు ఖాళీయేగా" అంది అత్తగారు. ఎడ్మంటన్ ఆసుపత్రిలో పన్నెండు రోజులు బెడ్‌పాన్లు అందించి, ఆమె కాలి వేళ్ళకు నూనె రాసి డార్కా ఇంటికొచ్చేసరికి తూర్పు పొలంలో విత్తనం పడిపోయి ఉంది. గేటు దగ్గర నల్లమట్టి మీద బూడిదరంగు బంకమట్టి పెడ్డలు. ఆ మట్టి తమది కాదు. బొహ్దాన్ యంత్రం, బొహ్దాన్ పొలం మట్టి.

"కడిగారా?"

"వాన ముంచుకొస్తోంటే? చారెడు మట్టికి మూడు గంటలా డార్కా!" అన్నాడు ఒరెస్ట్.

తర్వాత ఆ పొలంలో ఒక్క ఏడాది గోధుమ వేశారు, మిగతావన్నీ కనోలాయే. కనోలా మీద కనోలా వేస్తే తెగులు బలుస్తుంది కదా అంటే "ధర ఉంది కదా" అన్నారు. మొన్న ఆగస్టులో, కోతకు ముందు, గేటు పక్కన ఇల్లంత మేర పైరు వేళకు ముందే పండిపోయి వాలింది. డార్కా ఒక మొక్క పీకింది. వేరు ఉండాల్సిన చోట అల్లం కొమ్ము ఉంది. ఉబ్బి, మెలికలు తిరిగి, కుళ్ళువాసన కొడుతూ. పట్టుకెళ్ళి చూపిస్తే మొగుడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరికైనా చెప్పావా?" అని. రెండోది ఇంకా బాగుంది. "నీ బూట్లకే అంటుకొచ్చిందేమో. గేటు దగ్గర రోజూ తిరిగేది నువ్వేగా."

"బయటికి పొక్కితే పొలం రేటు పడిపోతుంది వదినా. కోసేసుకుని నోరు మూసుకుందాం" అన్నాడు బొహ్దాన్.

డార్కా నోరు మూసుకుంది. వాళ్ళు చెప్పారని కాదు. ఈ మగవాళ్ళు ఎందాకా వెళ్తారో చూడాలనిపించింది.

నవంబరులో ఒక పొద్దున విత్తనాల ఏజెంటు డస్టిన్ వచ్చాడు. కొత్త టోపీలు రెండు తెచ్చాడు, అన్నదమ్ములిద్దరికీ. డార్కా కాఫీ పోసి గసాల రొట్టె కోసి పెట్టింది. "తెగులు తట్టుకునే కొత్త రకం బాస్. బస్తా ఎనిమిది వందల యాభై డాలర్లు, పదెకరాలకొస్తుంది" అంటూ పుస్తకం తిప్పుతున్నాడు. ఆమె మనసులో లెక్క కట్టుకుంది. విత్తనం పెరిగింది, ఎరువు పెరిగింది, మందు పెరిగింది. వసంతంలో కొన్న కోతయంత్రానికి వాయిదాలు కట్టాలి కాబట్టి కనోలా వెయ్యాలంటాడు ఒరెస్ట్. కనోలా వేస్తున్నాం కాబట్టే కోతయంత్రం కొన్నామని వసంతంలో అన్నదీ అతనే. ఎన్నిసార్లు కూడినా మిగిలేది ఒక్కటే కనబడింది. ఊళ్ళో కాఫీ షాపులో కాళ్ళు బారచాపి "ఆరు వందల ఎకరాల కనోలా" అని అనగలగడం. ఆ ఒక్క మాట కోసం ఈ మనిషి భూమిని చంపుకుంటాడు. పైగా ఆమె భూమిని.

"ఆరు వందలకీ రాయి. తూర్పు పొలంతో కలిపి" అన్నాడు ఒరెస్ట్.

"మీ పొలాల్లో తెగులేం లేదు కదా బాస్?"

"మచ్చుకైనా లేదు."

బొహ్దాన్ కాఫీలోకి చూసుకున్నాడు. డార్కా లేచి కింద గదిలో ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళింది. పెరోగీ కుడుముల పొట్లాల అడుగున, మూడు సంచుల్లో చుట్టి ఆగస్టు నుంచి దాచిన వేరు తీసుకొచ్చి, సంచితో సహా ప్లేటులో పెట్టి, గసాల రొట్టె పక్కకు జరిపింది.

"తూర్పు పొలంది ఇది, డస్టిన్. తీసుకో, మొహమాటపడకు."

డస్టిన్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "బాస్... ఇది..."

"ఆ పొలానికి బాస్‌ని నేను. దాన్ని నీ పుస్తకంలో రాయకు. ఈ తెగులు గడ్డికి రాదు, అక్కడ గడ్డి వేస్తున్నాను. పొద్దున్నే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి తెగులు సంగతి చెప్పేశాను."

"గడ్డా?" ఒరెస్ట్ మొహం కందగడ్డయింది. "ఊళ్ళో నవ్వుతారే! ఎన్నేళ్ళు వేస్తావు?"

"ఇప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్ళు. నాకు డెబ్భై ఎనిమిది వచ్చేదాకా. మీ పొలాల్లో మీరేం వేసుకుంటారో మీ ఇష్టం."

ఒరెస్ట్ అడిగాడు, నిజంగానే తెలియనట్టు. "మరి యంత్రం ఎవరు కడుగుతారు?"

ఆమెకు నవ్వు రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఇలాంటి ప్రశ్నలతోనే కాపురం చేసింది. మెట్ల దగ్గర మేకుకు వేలాడుతున్న మొద్దు కత్తి తెచ్చి అతని కొత్త టోపీలో పెట్టింది.

ఒరెస్ట్ టోపీని విసిరికొట్టి లేచాడు. "ఏడువు! నీ పొలం, నీ గడ్డి, నువ్వే చూసుకో!"

తలుపు ధడాలున మూసుకుంది. డార్కా చల్లారిన కాఫీ పారబోసి తనకోసం కొత్తగా పోసుకుంది. పొలానికి జబ్బు చేసింది. ఇరవై ఏళ్ళు కనోలా రాబడి పోయింది. చుట్టుపక్కల ఆ పొలం రేటూ పడిపోయింది. వచ్చింది ఒక్కటే. పన్ను కాగితం రాకుండానే ఆ ఇంట్లో ఒక మగవాడు దాన్ని "నీ పొలం" అన్నాడు.