వెనకవైపున్న వెల

మా ఆయన జీవరాజు పోయాక నేను ఏడవలేదని సీతాఫల్‌మండిలో సగం మంది చూశారు. మిగతా సగానికి వాళ్ళే చెప్పారు. "గుండె రాయి చేసుకుంది పాపం" అన్నారు. రాయీ లేదు, రప్పా లేదు. నాకు ఏమీ అనిపించలేదు, అంతే. బడికి వెళ్ళి ఆరో తరగతికి లెక్కలు చెప్పాను, ఇంటికొచ్చి పప్పుకి పోపు పెట్టాను. ఉప్పు వెయ్యడం మరిచిపోయినా అలాగే తిన్నాను. అత్తయ్య కాంతమణి కూడా తింది.

జీవరాజు పగలంతా ఆఫీసులో గుమాస్తా. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం ఆట పెట్టేవాడు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకునే ఆట అది. ఒకరు యోధుడు, ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ. కథ నడిపేవాడు "గుహలో రాక్షసుడు లేచాడు, ఏం చేస్తారు?" అంటే మన పాత్ర ఏం చేస్తుందో మనం చెప్పాలి. ఇలాంటి ఆట రూల్సు ఇంగ్లీషులో ఉన్నవి ఆఫీసులో ఎవరో జిరాక్సు తీసిచ్చారు. అవి చదివి, తెలుగులో మనదే ఒకటి తయారు చేద్దామని ఈయన మొదలుపెట్టాడు. కూర్చోబెట్టి ఆడించడానికి నేను, మరిది ఆర్థర్, ఎదురింటి కుసుమకుమారి దొరికాం.

ప్రతి పాత్రకూ దానితోపాటే వచ్చే శక్తులు కొన్ని ఉంటాయి. అవి కాక, ఇష్టమైతే తీసుకునేవి కొన్ని. ఆయన ప్రాణమంతా ఈ రెండో రకం మీదే. "అందరూ తీసుకుంటే అది ఇష్టం కాదు కృపా, పన్ను. ఎవరూ తీసుకోకపోతే అచ్చు దండగ. అందుకే ప్రతి శక్తికీ ఒక వెల ఉండాలి. కార్డు ముందువైపు శక్తి, వెనకవైపు వెల" అనేవాడు. కంచం ముందు కూర్చున్నా ఇదే గోల.

కార్డులెందుకంటే, అత్తయ్య పాచికలు రానివ్వలేదు. "ప్రభువు అంగీ కోసం సిలువ కింద సైనికులు చీట్లు వేసింది చాలు, నా ఇంట్లో పాచికలు దొర్లడానికి వీల్లేదు" అంది. ఆ బల్ల వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. సరేనని పాచికల అంకెలకూ, శక్తులకూ అన్నిటికీ కార్డులే వేయించాడు. కొత్త సంవత్సరానికి మా చర్చి ఒక్కో బైబిలు వాక్యంతో పంచే వాగ్దానాల కార్డులు అచ్చువేసే రాంగోపాల్‌పేట్ ప్రెస్సులోనే వేయించాడు. మిగిలిన అట్ట, అదే నీలం ద్రాక్షతీగ అంచు, చవగ్గా ఇచ్చారు. పైగా రాజులూ రాక్షసులూ ఉన్న ఆటకి పాత తెలుగు ఉండాలన్నాడు. ఆయనకు తెలిసిన పాత తెలుగు బైబిల్లోది ఒక్కటే.

అందులో ఒక కార్డు ఇలా ఉంటుంది: "నీకు నొప్పి తెలియదు. ఎన్ని గాయములైనను నీవు నిలిచియుందువు." అది ఆయన పాదాల నుంచి పుట్టింది. షుగర్ వల్ల అరికాళ్ళకు స్పర్శ పోయింది. చెప్పులో మేకు దిగి రక్తం కారుతున్నా తెలియలేదు మహానుభావుడికి. "ఇక నుంచి రోజూ మీరే చూడాలమ్మా" అని డాక్టరు నాకు చెప్పాడు. రోజూ సాయంత్రం ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులతో సహా చూసేదాన్ని. చక్కిలిగింతలు కూడా లేవని నవ్వేవాడు.

ఆ మనిషి ఒక రోజు సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మీద, జనం మధ్యలో కూర్చుండిపోయాడట. మళ్ళీ లేవలేదు. గుండెపోటు. పక్కన మనవాళ్ళెవరూ లేరు.

"వాడు నొప్పి పడ్డాడంటావా?" అని అత్తయ్య అడిగేది. "నాకేం తెలుసత్తయ్యా" అనేదాన్ని. కాసేపటికి మళ్ళీ అదే అడిగేది. నిద్రలో లేచి కూర్చుని కూడా అడిగేది.

సమాధి అయ్యాక ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలూ ప్రార్థనా అయ్యాక అత్తయ్య వాగ్దానాల డబ్బాలోంచి, దేవుడు తనతో ఏం చెప్తాడోనని, కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసింది. కుర్చీలు వేసే హడావిడిలో ఎవరో బల్ల మీది నీలం అంచు ఆట కార్డులన్నీ ఆ డబ్బాలోనే కుక్కేశారు. "నీకు నొప్పి తెలియదు" అని ఆవిడ చదివింది. గదిలో అందరూ "ఆమేన్" అన్నారు. "నా బిడ్డకు నొప్పి తెలియలేదు" అంటూ అత్తయ్య కార్డు గుండెకు హత్తుకుని బావురుమంది. కింద అధ్యాయం అంకె లేకపోతే ప్రెస్సువాడిని తిట్టుకుంది. వాగ్దానాల కార్డు వెనక ఏమీ ఉండదు కాబట్టి తిప్పి చూడలేదు. ఆర్థర్ నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. ఆ రోజు నుంచి అత్తయ్య ఆ ప్రశ్న మానేసింది. నిద్ర కూడా పట్టింది.

అక్కడితో పోయేదే. కానీ ఆ మాటే సమాధి రాయి మీద చెక్కించాలని పట్టుబట్టింది. రాళ్ళు చెక్కే జంగయ్య ఇంటికొచ్చి, "ఏం రాయాలె చెప్పుండ్రి. ఇయాల షురూ జేస్తే ఆదివారం లోపల అయితది" అన్నాడు.

ఆర్థర్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "వదినా, ఊరుకో. అమ్మకి కాస్త కునుకు పడుతోంది. రాయి మీద ఏముంటే ఏం పోతుంది?"

నాకు చిర్రెత్తింది. ఆయన పోయాక నాకు వచ్చిన మొదటిది ఆ కోపమే. "వెల లేకుండా శక్తి ఇవ్వకూడదని మీ అన్న ఎంత కొట్టుకున్నాడు! సగం దాచి సగం రాసి ఆయన నెత్తినే పెడతావా?"

"ఇది ఆట కాదు వదినా."

"తెలుసు. అందుకే చెప్తాను."

చెబితే ఆవిడకు మళ్ళీ నిద్ర ఉండదు. అది తెలిసే హాల్లోకి వెళ్ళాను. ధైర్యం అనుకునేరు, అదేం కాదు. దేనికీ చలించని మనిషికి ధైర్యంతో పనేముంది?

"అత్తయ్యా, అది వాక్యం కాదు. ఆయన ఆటలో కార్డు" అన్నాను.

జంగయ్య టేపు చుట్టేసి, "నేను జెర బయట నిలబడ్త" అని వెళ్ళిపోయాడు.

"వాడు రాసిందా?" అంది అత్తయ్య.

"ఆయనే."

"అయితే వాడికి నొప్పి..."

"తెలీదత్తయ్యా. ఎవరికీ తెలీదు."

ఆవిడ ముఖం పాలిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఛీ, ఏం మనిషినయ్యాను అనుకున్నాను, అదీ పైపైనే.

"వెనక కూడా ఉంది" అన్నాను.

అత్తయ్య కార్డు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని, అలవాటుగా పైకే చదివింది. "వెల: నీ గాయములు నీకు కనబడవు. తోడివారు అడిగి, చూచి, చెప్పవలెను." చదివి, "అంటే?" అంది.

"ఎంత దెబ్బ తగిలిందో ఆడేవాడికి చెప్పరు. పక్కన ఆడేవాళ్ళు తమ వంతు వదులుకుని, వచ్చి చూడాలి. ఎవరూ చూడకపోతే నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోతాడు."

"వాడి కాళ్ళు నువ్వు చూసినట్టు."

"ఆఁ."

అత్తయ్య కార్డు వంక చూసింది. తర్వాత తలెత్తి నా వంక చూసింది. "మరి నిన్నెవరు చూస్తున్నారే?"

"నాకేమైంది? బాగానే ఉన్నాను."

"వాడూ అదే అనేవాడు. ఇటు రా."

ఆ క్షణాన ఏడవాల్సింది ఆవిడ. ఉన్న ఒక్క ఓదార్పూ నేనే లాగేసుకున్నాను. ఆవిడ తన ఏడుపు పక్కన పెట్టి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుంది.

బయట జంగయ్య దగ్గాడు. "ఏం రాయమంటరమ్మా?"

"పేరు రాయి నాయనా, చాలు" అంది, చెయ్యి వదలకుండా. మళ్ళీ నా వైపు తిరిగింది. "ఎక్కడ తగిలింది? చెప్పు."

ఎక్కడని చెప్పను? వెతుక్కున్నాను.

"సాయంత్రాలత్తయ్యా" అన్నాను. "ఆయన కాళ్ళు చూసే వేళకి నా చేతులతో ఏం చెయ్యాలో తెలియట్లేదు."

ఆ మాట అంటుంటే నొప్పి తెలిసింది.