తెడ్ల వంతు

మధ్యాహ్నం మూడింటి నుంచి నెవిన్ జైగ్లర్ ఒక్కడే తెడ్లు వేస్తున్నాడు. అరచేతులు మండుతున్నాయి, నడుము పట్టేసింది, అయినా నోరు విప్పడానికి లేదు. రూలు అలాంటిది. పడవ ముందు భాగంలో కూర్చున్నవాడు చేపను పట్టాలి. పట్టగానే లేచి తెడ్ల బల్ల మీదికి రావాలి, అప్పటిదాకా తెడ్లు వేసినవాడు ముందుకెళ్ళి గాలం అందుకోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ ఒక శుక్రవారం బావా బావమరుదులిద్దరూ సస్క్వెహన్నా నది మీద ఇలాగే వంతులు మార్చుకుంటున్నారు. పెద్దవాడు కాబట్టి గాలం వేసే మొదటి వంతు బావది. ఏనాడూ ఆయనకు పావుగంట పట్టలేదు. ఇవాళ మూడు గంటలు గడిచినా ఒక్క చేపా చిక్కలేదు.

బావ పేరు లామార్ స్టాఫర్, నెవిన్ అక్క వెర్నా భర్త. డెబ్బై ఒకటి నిండాయి. ఆ నది ఒడ్డున అంతటి మొండిఘటం ఇంకొకడు లేడంటారు, అందులో అబద్ధమేమీ లేదు. నిరుడు క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. కాలు చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి కూడా వచ్చేసిందని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. వచ్చేస్తే మరి ఉన్నట్టుండి పడవ అమ్మేస్తాననడం ఏమిటి? ఎగువ ఊరివాడెవడో ఎల్లుండి ఆదివారం వచ్చి తీసుకెళ్తాడట. "నదిలో చూడాల్సిందంతా చూసేశాను, ఇంక చాలు" అన్నాడట. వెర్నా ఫోన్‌లో ఏడ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచీ నెవిన్ గుండెల్లో రాయి పడ్డట్టుంది. తొమ్మిదేళ్ళ కిందట భార్య పోయి, ఇంట్లో దీపం కూడా వేసుకోకుండా పడుకున్నవాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఈ పడవలో కూలేసింది ఈ బావే. ఇప్పుడు పడవ పోతే బావ వరండా కుర్చీకి అతుక్కుపోతాడు. ఆ తర్వాత తన గతి ఏమిటో నెవిన్‌కు తలచుకోవడానికే భయంగా ఉంది.

"ఏరా, నిద్రపోతున్నావా? ఆ రాతి వరస పక్కకు పట్టు" అని కసిరాడు లామార్.

"పడుతున్నాలే. నువ్వు పట్టాల్సింది నువ్వు పట్టు ముందు."

లామార్ గాలపు కర్ర ఊపాడు. దారం గాలిలో సాగి, బెండుకు ఈకలు కట్టిన గాలం రాళ్ళ నీడలో పడింది. ఎడమ చేత్తో దారాన్ని రెండుసార్లు కదిపాడు. బుడుంగ్, బుడుంగ్. అంతే, నీళ్ళు చీల్చుకుని ఒక స్మాల్‌మౌత్ బాస్ చేప వచ్చి గాలాన్ని నోట కరిచింది. లామార్ చటుక్కున కర్ర పైకెత్తాడు. గాలం నీళ్ళలోంచి లేచి ఆయన టోపీ మీదుగా వెనక్కి వచ్చి పడింది. చేప పోయింది.

ఇది నాలుగోది.

కర్ర పైకెత్తడం కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళ అలవాటు. బాస్ దగ్గర ఆ పప్పులుడకవు. దాని దవడ గట్టిది, కర్రను కిందికే ఉంచి ఎడమ చేత్తో దారాన్ని గట్టిగా వెనక్కి గుంజితేనే ముల్లు దిగుతుంది. కర్ర ఎత్తినవాణ్ణి లామార్ జన్మలో క్షమించడు. కొత్తలో నెవిన్ ఎత్తితే "వాగోడా" అని పేరు పెట్టి, ఆ ఏడాదంతా చర్చి మెట్ల మీద కూడా అలాగే పిలిచాడు. అలాంటి మనిషి ఇవాళ నాలుగుసార్లు కర్ర ఎత్తాడు!

మొదటి రెండుసార్లూ పాపం చెయ్యి సహకరించడం లేదనుకుని నెవిన్ చూపు తిప్పుకున్నాడు. మూడోసారి అనుమానమొచ్చింది. నాలుగోసారి కళ్ళు చేతి మీదే పెట్టి చూశాడు. గాలాన్ని ఆడించేటప్పుడు ఆ ఎడమ చేతికి ఏ జబ్బూ లేదు. చేప కరిచిన క్షణంలో మాత్రం వేళ్ళు విచ్చుకుని దారాన్ని వదిలేశాయి. జారిపోలేదు, వదిలేశాయి.

నెవిన్ లంగరు దింపేశాడు.

"ఇక్కడెందుకు ఆపావు?"

"ఆకలేస్తోంది" అని వెర్నా కట్టిచ్చిన సంచి విప్పి, డబ్బాలోంచి బీట్‌రూట్ రసంలో ఊరిన కోడిగుడ్డొకటి బావ చేతిలో పెట్టాడు. తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. "బావా, నీకు చేప పట్టడం మరుపొచ్చిందా, లేక నన్ను వెధవను చేస్తున్నావా?"

"చెయ్యి ఇంకా కొంచెం..."

"చెయ్యి సుబ్బరంగా ఉంది. చేప కరవగానే వేళ్ళు విప్పేస్తున్నావు. నా కళ్ళతో చూశాను."

అవతలి ఒడ్డున గూడ్సుబండి పోతుంటే లామార్ పెట్టెలన్నీ దాటేదాకా దాన్నే చూశాడు.

"పట్టుకుంటే ఆ బల్ల మీదికి రావాలి కదరా" అన్నాడు చివరికి.

"వస్తే?"

"దారం గుంజేంత బలముంది. తెడ్డు లాగేంత లేదు. పడవ షెడ్డులో బండి మీదుండగా, మీ అక్క లేవకముందే రోజూ ఎక్కి కూర్చుని చూశాను. ఎడమ తెడ్డు చేతిలో నిలవదు. ఒక్క కుడిదే లాగితే పడవ గానుగెద్దులా తిరుగుతుంది. నీ ముందర అలా తిరగమంటావా?"

పోనీ రూలు తీసేద్దాం బావా, తెడ్లు ఎప్పటికీ నేనే వేస్తాను అని నెవిన్ నోటిదాకా వచ్చింది. అన్నాడా, ఈ మనిషి ఇంక ఈ జన్మలో పడవ ఎక్కడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అందుకే కోపం తెచ్చుకున్నాడు. కోపం కూడా నిజంగానే వచ్చింది.

"తిరుగు! ముప్ఫై ఏళ్ళుగా నా తెడ్డు చూసి పడీపడీ నవ్వావు. వంతెన స్తంభానికి గుద్దానని పెళ్ళిళ్ళలో కూడా చెప్పి నవ్వించావు. నా వంతొచ్చేసరికి పడవ అమ్మేస్తావా? సిగ్గులేదూ? అయినా నువ్వు ఆ వరండాలో కూర్చుంటే నాకెవరున్నారు బావా? ఎవరితో తిట్టించుకోను?"

నెవిన్ టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు. లామార్ ఆ గుడ్డును అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా తినేశాడు.

"ఏడవకురా. చేపలు బెదురుతాయి" అన్నాడు.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా నీళ్ళలోంచి తెల్ల పురుగులు లేవడం మొదలుపెట్టాయి. ఏటా ఈ రోజుల్లోనే లేస్తాయి. మొదట పదీ ఇరవై, కాసేపటికి వానాకాలం ఉసిళ్ళలా నది నిండా అవే. టోపీల మీద, మీసాల్లో, గుడ్ల డబ్బాలో. నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చేపల మూతులతో ఉడుకుతోంది. నెవిన్ మాట్లాడకుండా బావ దారానికి తెల్ల ఈకల గాలం ముడివేసి ఇచ్చాడు.

గాలం నీళ్ళ మీద వాలింది. ఒక మూతి దాన్ని చప్పుడు చేయకుండా లోపలికి లాక్కుంది. కర్ర లేవలేదు. ఎడమ చెయ్యి వెనక్కి గుంజింది. కర్ర విల్లులా వంగింది, కంచు రంగు చేప మూరెడెత్తు ఎగిరి పడింది.

వల పట్టింది నెవినే. "పదహారంగుళాలు" అన్నాడు.

"నీ కళ్ళు పోయాయా? పద్దెనిమిది!" అని లామార్ చేప కింది పెదవి పట్టుకుని నీళ్ళలో కాసేపు నిలిపి వదిలేశాడు. చెయ్యి తుడుచుకున్నాడు. బల్ల వంక చూశాడు.

"ఊఁ, లే మరి" అన్నాడు.

నెవిన్ లేచాడు. దాటేటప్పుడు లామార్ అతని భుజం మీద తన బరువంతా వేశాడు. నెవిన్ అది గమనించనట్టే లంగరు లాగి ముందుకెళ్ళి కూర్చున్నాడు.

మొదటి తెడ్డు వెయ్యగానే పడవ తిరిగింది. నెవిన్‌కు ఎదురుగా కొండ ఉన్నచోటికి రైలు పట్టాలొచ్చాయి, తర్వాత వచ్చిన దారి, మళ్ళీ కొండ. రెండో చుట్టుకి నవ్వు ఆగలేదు. కక్ష తీర్చుకునే నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "నవ్వు, నవ్వి చావు" అని పళ్ళు నూరుతూ లామార్ ఎడమ తెడ్డును చంక కింద ఇరికించుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగాడు. పడవ కాస్త దారికొచ్చింది. మళ్ళీ తప్పింది. మళ్ళీ లాగాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

ఈలోగా నెవిన్ గాలం వేశాడు, చేపనూ పట్టాడు. చక్కగా, కర్ర ఎత్తకుండా.

"లే బావా, నా వంతొచ్చింది."

"లేవను."

"రూలు?"

"నాకే రూలు చెప్తున్నావట్రా వాగోడా? ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. కదిలావంటే నీళ్ళలో తోసేస్తాను."

కళ్ళలో పురుగు పడిందని చెప్పి నెవిన్ రెండు కళ్ళూ తుడుచుకున్నాడు. దిగే రేవు దగ్గర దీపం కనబడుతోంది.

"మరి ఆదివారం వచ్చేవాడికి ఏం చెప్తావు బావా?"

"ఈ పడవ తిన్నగా పోదురా నాయనా అని చెప్తాను. నమ్మకపోతే ఎక్కించుకుని చూపిస్తాను" అని లామార్ కావాలనే ఇంకో చుట్టు తిప్పాడు.